ఎమ్మారైలో ఏమీ లేదన్నారు

"కంట్లో ఎప్పుడన్నా ఇనుప రజను పడిందా అన్నా?" అని స్కానింగ్ సెంటర్‌లో టెక్నీషియన్ అడిగితే నాకు నవ్వొచ్చింది. ఇరవై ఆరేళ్లుగా లేత్ ముందు నిలబడుతున్నవాణ్ని. రజను పడని కన్ను మా షాపుల వరసలో ఎవరికుంది గనక! "ఎన్నిసార్లని చెప్పేది నాయనా?" అన్నాను. ఆ పిల్లాడు నవ్వలేదు. చేతిలో ఫారం పక్కన పెట్టి, "అయితే మిమ్మల్ని ఇప్పుడే లోపలికి పంపలేనన్నా. ముందు కళ్లకు ఎక్స్‌రే తీయాలి" అన్నాడు.

తలనొప్పికని వస్తే కళ్లకు ఎక్స్‌రే ఏందో నాకు అర్థం కాలేదు. అప్పటికే మూడు నెలలుగా ఆ నొప్పితో తిరుగుతున్నాను.

కావలిలో నాది చిన్న లేత్ షాపు. బోరు మోటార్ల పనులు, ట్రాక్టర్ పిన్నులు ఉన్నా, మాకు అన్నం పెట్టేది మాత్రం రొయ్యల గుంటలు. అల్లూరు, దగదర్తి వైపు నుంచి ఏరేటర్ల షాఫ్టులు, బుష్‌లు వస్తుంటాయి. గుంటలో ఏరేటర్ ఆగిపోతే ఆక్సిజన్ తగ్గి, తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. అందుకే రైతు రాత్రి పదకొండింటికి షాఫ్టు భుజాన వేసుకుని వచ్చినా షట్టర్ ఎత్తక తప్పదు. అలాంటి రోజుల్లో తలనొప్పిని ఎవరు లెక్క చేస్తారు? ఎండ అనుకున్నాను. నిద్ర చాలక అనుకున్నాను. గ్యాస్ అనుకుని దానికీ ఒక మాత్ర మింగాను.

కానీ ఇది మామూలు నొప్పిలా లేదు. నడినెత్తిన మేకు దిగ్గొట్టినట్టుండేది. ఎడమ కన్ను వెనక నుంచి ఎవరో బొటనవేలితో నొక్కుతున్నట్టుండేది. లేత్ చక్‌లో జాబ్, అంటే చెక్కాల్సిన ఇనుప ముక్క, బిగించడానికి వంగితే పెరిగేది. రాత్రి పడుకుంటే ఇంకా పెరిగేది. తలకింద రెండు దిండ్లు పెట్టుకుని, అదీ చాలక గోడకు ఆనుకుని కూర్చుని కునుకు తీసేవాణ్ని. కళ్లజోడు మార్చాను. శొంఠి పట్టు వేశాను. మా అమ్మ ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తే ఘాటు రాలేదు. "చూశావా, ఎంత దిష్టో!" అని ఆమె తృప్తిపడింది. నాకు మాత్రం నొప్పి తగ్గలేదు.

కావలిలో చూపించుకున్న డాక్టర్ గారు "సైనస్ ఉందేమో చూద్దాం" అని ఎక్స్‌రే రాశారు. గడ్డం ప్లేటుకు ఆనించి, తల కాస్త వెనక్కి వాల్చి ఒక బొమ్మ తీశారు. బుగ్గల లోపలి గదులు, నుదుటి గదులు శుభ్రంగా ఉన్నాయి. "నీకు సైనస్ లేదు, ఇది మైగ్రేన్" అని నెల రోజులకు మాత్రలిచ్చారు. సైనస్ లేని మనిషి ఉండడని తర్వాత తెలిసింది. మనం జబ్బు పేరుగా వాడుకుంటున్నాం గానీ, సైనస్‌లంటే ముఖం ఎముకల్లో గాలి ఉండే గదులు. బుగ్గల్లో రెండు, నుదుట రెండు, కళ్ల మధ్య తేనెపట్టులా చిన్నచిన్న అరలు. వీటన్నిటికీ వెనక, తలకాయకు దాదాపు నడిమధ్యలో, ఇంకో జత ఉంది. దాని పేరు స్ఫీనాయిడ్. ఆ ఎక్స్‌రేలో ముందు గదులు కనపడ్డట్టు ఈ వెనక గది కనపడదు. ముందు వైపు ఎముకలన్నీ దానిమీద అడ్డంగా పడతాయి. ఆ రోజు ఇదేమీ నాకు తెలియదు. "ఎక్స్‌రే క్లీన్" అని చెప్పుకుంటూ తిరిగాను.

మాత్రలు అయిపోయాయి, నొప్పి పోలేదు. మా పెద్దోడు ఫోన్లో "మద్రాసు వచ్చెయ్ నాన్నా" అంటాడు. మా జిల్లాలో ఏ జబ్బుకైనా చివరి మాట అదే. ముందు నెల్లూరులో చూపించుకుందామని పొగతోటకు పోయాను. ఒంట్లో ఏ భాగానికైనా ఆ వీధుల్లో ఒక బోర్డు ఉంటుంది. నరాల డాక్టర్ గారు సుత్తితో మోకాలు కొట్టి చూశారు, ముక్కు మీద వేలు పెట్టించారు, చిన్న లైటు పెట్టి కంటి లోపలికి చాలాసేపు చూశారు. తలలో ఒత్తిడి పెరిగితే కంటి వెనక నరం ఉబ్బి కనపడుతుందట, నాకు అలాంటిదేమీ లేదన్నారు. అయినా మూడు నెలలుగా తగ్గని నొప్పి, పైగా పడుకుంటే పెరుగుతోంది కాబట్టి ఎమ్మారై చేయిద్దామన్నారు. చీటీ మీద 'బ్రెయిన్' అనే మాట చూసి మా ఆవిడ ముఖం వాడిపోయింది. బయటికొచ్చాక ఒక్క మాటా మాట్లాడలేదు. పక్కన కూర్చుని చీరకొంగు చివర మెలిపెడుతూనే ఉంది.

ఇక ఆ ఫారం సంగతి. రెండు పేజీల నిండా ప్రశ్నలు. గుండెకు పేస్‌మేకర్ ఉందా, మెదడులో క్లిప్పులున్నాయా, చెవిలో మిషనుందా, ఒంట్లో ప్లేట్లు, రాడ్లున్నాయా, లోహపు పని చేస్తారా, కంట్లో ఇనుప ముక్క పడిందా. నేను సరదాగా జవాబు చెప్పినా, ఆ పిల్లాడు ఎందుకు ఆగాడో ఎక్స్‌రే కోసం కూర్చున్నప్పుడు విడమరచి చెప్పాడు. లోపలున్న అయస్కాంతం 1.5 టెస్లాలది. దిక్సూచి ముల్లును తిప్పే భూమి అయస్కాంత బలం కన్నా దాదాపు 30,000 రెట్లు ఎక్కువ. స్కాన్ లేనప్పుడు ఆపేసే స్విచ్చేమీ ఉండదు, రాత్రీ పగలూ ఆన్‌లోనే ఉంటుంది. లోపలి తీగచుట్టను ద్రవ హీలియంలో మైనస్ 269 డిగ్రీల చలిలో ఉంచుతారు. కంటి గుడ్డులో ఇసుక రవ్వంత ఇనుప ముక్క ఎప్పటినుంచో నొప్పి లేకుండా కూర్చుని ఉన్నా, ఈ అయస్కాంతం దాన్ని కదిలించగలదు. 1986లో ఒక వైద్య పత్రికలో అలాంటి కేసే అచ్చయింది. రేకుల పని చేసిన ఒకతను ఎమ్మారైకి పోతే కంట్లో మిగిలిపోయిన ముక్క కదిలి, లోపల రక్తం కమ్మి ఆ కంటి చూపు పోయింది.

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. మా షాపుల్లో కంట్లో రజను పడితే చేసే వైద్యం మీకు తెలియనిది కాదు. పంచె కొసను నాలుక మీద తడిపి తీయడం, అగ్గిపుల్లకు దూది చుట్టి తీయడం, ఇంటి పక్కన బాలింత ఉంటే రెండు చుక్కలు పాలు వేయించుకోవడం. నేనైతే 2009లో ఒకసారి గ్రైండర్ నిప్పురవ్వ నాటుకుంటే కంటి డాక్టర్ దగ్గర సూదిమొనతో తీయించుకున్నాను. మొత్తం వచ్చిందో లేదో ఎవరికి తెలుసు? కళ్లు పైకి తిప్పి ఒకటి, కిందికి తిప్పి ఒకటి ఎక్స్‌రే తీశారు. డాక్టర్ చూసి ఇనుమేమీ లేదన్నాక అప్పుడు "రండన్నా" అన్నాడు. గంటన్నర ఆలస్యమైనందుకు మా బామ్మర్ది విసుక్కున్నాడు గానీ, ఆ పిల్లాడి మీద నాకు ఇప్పటికీ గౌరవమే. జాబ్ సరిగ్గా బిగిసిందో లేదో చూసుకోకుండా మిషన్ ఆన్ చేసేవాళ్లను నేను చాలామందినే చూశాను.

వాచీ, ఉంగరం, బెల్టు, ఫోను, ఏటీఎం కార్డు అన్నీ లాకర్లో పెట్టించారు. మిగిలింది మొలతాడు. దానికి కసుమూరు దర్గాలో కట్టించిన తాయెత్తు ఉంది. రాగి రేకు అనుకుంటాను, లోపలేముందో తెలియదు. "లోపలేముందో తెలియనిది అసలే వద్దు" అన్నాడు. మగవాడికి మొలతాడు తెగితే ఎట్లా అని మా ఆవిడ సందేహం. చివరికి ఆమే కత్తెర అడిగి తీసుకుని తెంపి, తాయెత్తును కళ్లకద్దుకుని పర్సులో పెట్టుకుంది.

బల్ల మీద పడుకోబెట్టి, ముఖం మీద పంజరం లాంటిది బిగించారు. చెవుల్లో దూదిబిళ్లలు, పైన హెడ్‌ఫోన్లు, చేతిలో రబ్బరు బంతి. భయమేస్తే నొక్కమన్నారు. బల్ల లోపలికి జరిగింది. ముక్కుకు జానెడు దూరంలో తెల్లటి గోడ. కాసేపటికి మొదలైంది మోత. టకటకటక, తర్వాత గుర్రుమని, తర్వాత సమ్మెటతో రేకు మీద కొట్టినట్టు. ఇరవై ఆరేళ్లుగా మిషన్ల మోతలో బతికినవాణ్ని కాబట్టి నేను భయపడలేదు, చెవి పెట్టి విన్నాను. చక్‌లో జాబ్ సెంటర్ తప్పితే టూల్ కొట్టుకునే శబ్దం లాంటిదే అది. పెద్ద అయస్కాంతం లోపల ఇంకొన్ని తీగచుట్టలుంటాయట. వాటిలో కరెంటును క్షణానికి ఎన్నోసార్లు మార్చుతుంటే అవి అదిరి కొట్టుకుంటాయి, ఆ మోత అదే. కష్టమంతా పడుకోవడంతోనే. పడుకుంటేనే పెరిగే నొప్పితో ఇరవై ఐదు నిమిషాలు కదలకుండా ఉండాలి. నాలుగోసారి మోత మారేసరికి కళ్లలోంచి నీళ్లు కారి చెవుల్లోకి పోతున్నాయి. తుడుచుకోవడానికి లేదు.

ఆరున్నర వేలు కట్టాం. సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. మెదడులో గడ్డ లేదు, రక్తస్రావం లేదు, నరాలకు దెబ్బ లేదు. అడుగున చిన్న వాక్యం: కనిపించినంత మేర సైనస్‌లు మామూలుగా ఉన్నాయి. ఆ వాక్యాన్ని మేమెవరం చదవలేదు. 'మెదడులో ఏమీ లేదు' అన్న ముక్క దగ్గరే మా ఆవిడ దణ్ణం పెట్టుకుంది. మా బామ్మర్ది "ఈ సంగతి మాకు ముందే తెలుసు బావా, నీ మెదడులో ఏమీ లేదని" అని పాత జోకు వేసినా అందరం నవ్వాం. మలై కాజాలు కట్టించుకుని బస్సెక్కాం.

బస్సు కోవూరు దాటకముందే నొప్పి మళ్లీ మొదలైంది. ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాతి నెలన్నర గురించి నేను ఎక్కువగా మాట్లాడను. పెద్ద స్కాన్‌లో ఏమీ లేదని తేలాక కూడా నొప్పి ఉందంటే ఇంట్లోవాళ్లకే అనుమానం వస్తుంది. "టెన్షన్ తగ్గించుకో" అన్నవాళ్లున్నారు, "అప్పుల గురించి ఆలోచించకు" అన్నవాళ్లున్నారు. నాకే అనిపించేది, నిజంగా నొప్పి ఉందా లేక నేనే అనుకుంటున్నానా అని. ఎమ్మారై అంటే అన్నిటికన్నా పెద్దది, దానికి కనపడనిది ఇంక దేనికీ కనపడదని నా లెక్క. ఎక్స్‌రే చిన్నది, సీటీ నడిమిది, ఎమ్మారై పెద్దది. జనం కూడా అట్లాగే అనుకుంటారు. ఖరీదు కూడా ఆ వరసలోనే ఉంటుంది కదా!

దారి చూపించింది మా ఆవిడే. ఒక రోజు పొద్దున నేను గొంతు కాకరించి ఊస్తుంటే, "ఆ వాసనేంది? నోట్లోంచి కాదు, ఇంకెక్కడినుంచో వస్తోంది" అంది. నిజమే, ముక్కు వెనక నుంచి గొంతులోకి ఏదో జారుతున్నట్టు ఎన్నాళ్లుగానో ఉంది. పక్కన తలనొప్పి ఉండగా కఫాన్ని ఎవరు పట్టించుకుంటారు? ఈసారి చెవి, ముక్కు, గొంతు డాక్టర్ దగ్గరికి పోయాం. ఆమె నా పాత కాగితాలేవీ ముందు చూడలేదు. "ఎక్కడ నొప్పి? వేలు పెట్టి చూపించు. ఎప్పుడెక్కువ? వంగితేనా, పడుకుంటేనా?" అని అడిగింది. నడినెత్తి మీద వేలు పెట్టగానే తల ఊపింది. ముక్కులోకి సన్నటి కెమెరా గొట్టం పంపి, పక్కనున్న టీవీలో నాకే చూపించింది. ఎడమవైపు బాగా లోపల, చిన్న రంధ్రం దగ్గర పసుపుపచ్చటి చీము గీతలా కారుతోంది. "సీటీ తీయించు. సైనస్‌లకు మాత్రమే" అంది.

"ఎమ్మారై ఉంది మేడం, అది కూడా అవసరమా?" అని ఫిల్ము కవరు ముందుకు జరిపాను. "తీసుకురా, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం" అంది.

సీటీ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ముక్కు బాగా చీదుకుని రమ్మన్నారు, పడుకోబెట్టారు, మింగొద్దన్నారు, కదలొద్దన్నారు. పెద్ద కంకణం లాంటి దానిలోంచి బల్ల ఒకసారి పోయి వచ్చింది. ఐదు నిమిషాల పని. మొలతాడు జోలికి కూడా పోలేదు. రేడియేషన్ గురించి అడిగితే మొత్తం తలకు సీటీ తీసినా దాదాపు 2 మిల్లీసీవర్టులన్నారు. నేల నుంచి, గాలి నుంచి, తిండి నుంచి, ఆకాశం నుంచి మనకు ఏడాదంతా ఊరికే అందేది సగటున 2.4 ఉంటుంది. సైనస్‌లకు మాత్రమే తీస్తే అంతకూడా ఉండదు.

ఆ మర్నాడు డాక్టరమ్మ గదిలో గడిపిన అరగంట నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. లైటు పెట్టె మీద ఎడమవైపు ఎమ్మారై, కుడివైపు సీటీ పెట్టింది. పెన్నుతో సీటీలో తల నడిమధ్యనున్న రెండు గదులు చూపించింది. కుడి గది నల్లగా ఉంది, అంటే గాలి. ఎడమ గది నిండా బూడిదరంగు, మధ్యలో సుద్దపొడి చల్లినట్టు తెల్లటి చుక్కలు. చుట్టూ ఎముక గోడ రెండో వైపు కన్నా మందంగా ఉంది. "ఇది ఇవాళ్టిది కాదు. చాలా నెలలుగా, బహుశా ఏళ్లుగా ఉంది. ఎముక మందమైందంటే అర్థం అదే" అంది. తర్వాత పెన్ను ఎమ్మారై మీదికి జరిపింది. అదే చోటు, అదే గది. నల్లగా ఉంది. గాలి ఉన్నట్టే.

వెనక నిలబడ్డ మా బామ్మర్ది "అయితే రెండిట్లో ఒకటి తప్పుడుది మేడం" అన్నాడు.

"రెండూ కరెక్టే" అంది ఆమె. సీటీ ఎక్స్‌రేనే, చుట్టూ తిరిగి తీసి కంప్యూటర్ లెక్కగట్టినది. కిరణానికి ఏది ఎంత అడ్డుపడిందో దానికొక అంకె ఇస్తుంది. నీళ్లకు 0, గాలికి మైనస్ 1000, గట్టి ఎముకకు ప్లస్‌లో వెయ్యి, ఆ పైన. ఆ అంకెలకు సీటీ మిషన్ తయారుచేసిన హౌన్స్‌ఫీల్డ్ పేరు పెట్టారు. (ఆయన గురించి మా పెద్దోడు తర్వాత చదివి చెప్పాడు. ఇంగ్లండులో ఒక రైతు కొడుకు, చిన్నప్పుడు పొలంలో మిషన్లు విప్పి చూస్తూ పెరిగిన ఇంజనీరు, డాక్టరు కాదు. 1971 అక్టోబరు 1న లండన్‌లో మొదటిసారి ఒక మనిషి తలకు సీటీ తీస్తే గడ్డ బయటపడింది. 1979లో నోబెల్ ఇచ్చారు. మా వృత్తివాడే అని నాకు ఊరికే గర్వంగా అనిపించింది.) ఎమ్మారై లెక్క పూర్తిగా వేరు. అది అడ్డును చూడదు, నీళ్లలో ఉండే హైడ్రోజన్ ఇచ్చే రేడియో సంకేతాన్ని వింటుంది. మెదడు, నరాలు, కండ అన్నీ నీళ్లతో నిండినవే కాబట్టి వాటిని దాని అంత బాగా ఇంకేదీ చూపించదు. గాలిలో నీళ్లు లేవు, కాబట్టి ఏమీ వినపడదు, నల్లగా ఉంటుంది.

"మరి ఇక్కడ గాలి లేదుగా మేడం?"

"లేదు. ఇక్కడ ఉన్నది ఫంగస్ ముద్ద. దానిలో విడిగా తిరిగే నీళ్లు చాలా తక్కువ, ఎండిన పిండిలా ఉంటుంది. పైగా అది కాల్షియం, ఇనుము, మాంగనీసు లాంటివి తనలో పోగేసుకుంటుంది. ఆ లోహాలు ఉన్నచోట ఎమ్మారైకి ఉన్న కాస్త సంకేతం కూడా చచ్చిపోతుంది."

ఇనుము అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. గంటన్నర సేపు కంట్లో వెతికించుకున్న ఇనుము కంట్లో లేదు. దానికి రెండు మూడు అంగుళాలు వెనక కూర్చుని, అదే స్కాన్‌లో తన బొమ్మ తానే చెరిపేసుకుంది.

ఆమె ఇంకో విషయం చూపించింది. ఎమ్మారైలో ఆ నల్లటి గది చుట్టూ సన్నటి తెల్లగీత ఉంది. లోపలి పొర వాచి నీరుపట్టి ఉండటం వల్ల అది వెలుగుతోంది. కుడి గదికి ఆ గీత లేదు. "వెతికేవాళ్లకు ఇది కనపడుతుంది. కానీ చీటీ మీద 'తలనొప్పి' అని ఒక్క మాటే ఉంది. చదివేవాళ్లు మెదడు చూస్తారు. 'పడుకుంటే పెరుగుతుంది, గొంతులోకి కఫం జారుతోంది' అని ఉంటే బహుశా ఇటు చూసేవాళ్లు" అంది. నాకు అప్పుడు ఆమె మాట నచ్చలేదు. చూడని దానికి 'మామూలుగా ఉన్నాయి' అని ఎందుకు రాయాలి? ఇప్పటికీ ఆ వాక్యం మీద నాకు కోపం ఉంది. అయితే కఫం సంగతి నరాల డాక్టర్‌కు నేనే చెప్పలేదన్నదీ నిజం. నా లెక్కలో ముక్కు వేరు, తల వేరు.

లేత్ పనివాడిగా నాకు ఇది ముందే తట్టి ఉండాల్సింది. షాఫ్టు మందం వెర్నియర్ చెబుతుంది, నూరో వంతు మిల్లీమీటరు తేడాను డయల్ గేజ్ చెబుతుంది. కానీ షాఫ్టులో బీట ఉందో లేదో ఆ రెండూ చెప్పలేవు. దానికి కిరోసిన్ పూసి, తుడిచేసి, సుద్దపొడి చల్లాలి. బీటలో దాక్కున్న కిరోసిన్ మెల్లగా పైకి ఊరి గీత గీస్తుంది. అర్ధరూపాయి సుద్ద పట్టించిన బీటను ఐదు వేల డయల్ గేజ్ పట్టించలేదని ఎవరూ గేజ్‌ను తిట్టరు. నా తలకాయ విషయంలో మాత్రం ఖరీదైనదే అన్నీ చూస్తుందని నమ్మాను.

ఫంగస్ అనగానే మా ఆవిడ ఏడుపు మొదలుపెట్టింది. 2021లో కరోనా తర్వాత బ్లాక్ ఫంగస్‌తో కళ్లు, దవడ తీసేసిన వాళ్ల గురించి మేం టీవీలో చూసినవాళ్లమే. డాక్టరమ్మ ఆమెను కూర్చోబెట్టి ఓపికగా చెప్పింది. అది కండలోకి, రక్తనాళాల్లోకి చొచ్చుకుపోయేది, గంటల్లో రోజుల్లో ముదిరేది. ఇది గదిలో పేరుకున్న చెత్త లాంటిది, గోడ దాటలేదు. ఊడ్చేస్తే పోతుంది. అయినా షుగర్ పరీక్ష చేయించింది. హద్దు దగ్గర్లో ఉంది, అంతే.

మరి అంత మామూలుదైతే తలకాయ నడిమధ్యలోకి పోవడం ఎందుకు అని నేను అడిగాను. మళ్లీ సీటీ ముందుకు వచ్చింది. ఆ గదికి పక్క గోడ వెంబడే కంటి నరం పోతుంది, మెదడుకు రక్తం తీసుకుపోయే పెద్ద నాళం పోతుంది. కొందరిలో అక్కడ ఎముక కాగితంలా పలచగా ఉంటుంది, కొందరిలో అసలే ఉండదు. రెండు గదుల మధ్య అడ్డుగోడ కొందరిలో సరిగ్గా ఆ రక్తనాళం మీదికే పోయి అతుక్కుంటుంది. తెలియక దాన్ని లాగితే అంతే సంగతులు. నా అడ్డుగోడ ఎటు పోతోందో ఒక్కో ముక్క బొమ్మలో వేలు జరుపుతూ చూపించింది. కుడివైపుకు వంగింది గానీ నాళానికి దూరంగానే ఉంది. "ఎమ్మారై లేకపోయినా ఆపరేషన్ చేస్తానేమో గానీ, ఈ సీటీ లేకుండా ముక్కులో చెయ్యి పెట్టను" అంది. డ్రాయింగ్ లేకుండా జాబ్ పట్టుకోవద్దని మా మేస్త్రీ చెప్పినట్టే ఉంది.

ఆపరేషన్ ముక్కులోంచే చేశారు. బయట ఒక్క కుట్టు లేదు. మత్తు ఇచ్చారు కాబట్టి నేను చెప్పగలిగింది లేదు. తర్వాత సీసాలో చూపించారు. తడిసిన బంకమన్నులా, గోధుమరంగు, అక్కడక్కడ ఆకుపచ్చ. వాసన మా ఆవిడ చెప్పినదే. బయాప్సీలో అస్పర్‌జిల్లస్ లాంటి బూజు పోగులు ఉన్నాయని, కండలోకి పోలేదని వచ్చింది. ఫంగస్ మాత్రలేమీ వాడలేదు. ఉప్పునీళ్లతో రోజూ ముక్కు కడుక్కోవడమే మందు. రెండు వారాలు ముక్కులో పొలుసులు, రుచి తెలియకపోవడం. చేపల పులుసు గడ్డిలా అనిపించిన ఆ రోజులే అన్నిటికన్నా బాధ. పదహారో రోజు రాత్రి నిద్ర లేచి చూస్తే నేను వెల్లకిలా, ఒకటే దిండు మీద పడుకుని ఉన్నాను.

ఆరు వారాల తర్వాత మళ్లీ సీటీ తీయిస్తారేమో అనుకున్నా. "కెమెరాకు కనపడేదానికి సీటీ ఎందుకు?" అని గొట్టం పంపి చూపించింది. లోపల గది గులాబీరంగులో, తడిగా, ఖాళీగా ఉంది.

పోయిన నెల మా బామ్మర్దికి నడుము నొప్పి. ఎమ్మారై రాశారు. వాడిది వెల్డింగ్ షాపు. తోడు వస్తే మంచిదని నన్ను తీసుకుపోయాడు. అదే సెంటర్, అదే పిల్లాడు. మా వాడు ఫారం చదవకుండా పై నుంచి కింది దాకా 'లేదు', 'లేదు' అని టిక్కులు పెట్టుకుంటూ పోతున్నాడు. కంటి ప్రశ్న దగ్గరికి రాగానే నేను వేలు అడ్డం పెట్టాను.

"నడుముకు తీస్తుంటే కంటితో ఏం పని బావా?" అన్నాడు.

ఆ పిల్లాడు నన్ను గుర్తుపట్టి నవ్వాడు. "చెప్పండన్నా" అని కుర్చీ లాగాడు. ఆ పూట కూడా గంటన్నర ఆలస్యమైంది.